గిరణ్‌గావ్ ఓటు: కార్మికోద్యమ చరిత్రలో ఒక ప్రశ్న

మన సభల్లో ఒక మాట తరచు వినబడుతూ ఉంటుంది. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు అది మరీ గట్టిగా వినబడుతుంది. "సమ్మెకు మన వెంట వస్తారు, ఓటు మాత్రం మన గొంతు నొక్కేవాడికి వేస్తారు" అని. ఈ మాట అనేవారి గొంతులో బాధ ఉంటుంది, కోపం ఉంటుంది. ఆలోచన మాత్రం అరుదు. కార్మికుడికి చైతన్యం చాలలేదనో, సారాకూ డబ్బుకూ అమ్ముడుపోయాడనో తీర్మానించుకుని ఇళ్ళకు పోతాం. అయిదేళ్ళకు మళ్ళీ అదే సభ, మళ్ళీ అదే మాట.

ఈ చిక్కు ఒక్క మన దేశానిదే కాదు. అమెరికాలో 1980 అధ్యక్ష ఎన్నికలప్పుడు విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగుల సంఘం రోనాల్డ్ రీగన్‌ను బలపరిచింది. మీ పని పరిస్థితులు బాగుచేయడానికి తోడ్పడతానని ఆయన సంఘాధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. పైగా ఆయన ఒకప్పుడు సినిమా నటుల యూనియనుకు అధ్యక్షుడు కూడాను. 1981 ఆగస్టు 3న ఆ ఉద్యోగులే సమ్మె కట్టారు. రీగన్ నలభై ఎనిమిది గంటల గడువిచ్చి, గడువు తీరగానే 11,000 మందికి పైగా ఉద్యోగులను తొలగించాడు. ఆ అక్టోబరులో సంఘం గుర్తింపు కూడా రద్దయింది. ఇంగ్లండులోనూ ఇదే కథ. 1979లో యూనియన్ల నడ్డి విరవడమే పనిగా పెట్టుకున్న థాచర్ పార్టీకి ఓటు వేసినవారిలో యూనియన్ సభ్యులు లక్షల సంఖ్యలో ఉన్నారు.

అయితే దూరపు కొండల మీద తీర్పులు చెప్పడం సుళువు. అందుచేత నాకు కొంత దగ్గరగా తెలిసిన చోటునే పరిశీలనకు తీసుకుంటాను. అది బొంబాయి బట్టల మిల్లుల ప్రాంతం. మా మేనమామ 1950ల చివర సిరిసిల్ల నుంచి అక్కడికి వెళ్ళి, పరేల్‌లో ఒక మిల్లు మగ్గాల ఖాతాలో పాతికేళ్ళ పాటు పనిచేశాడు. 1985లో బొంబాయి కార్పొరేషన్‌ను శివసేన గెలుచుకున్నప్పుడు, ఉడుకురక్తంలో ఉన్న నేను ఆ మిల్లు కార్మికులను వర్గద్రోహులుగా నిర్ణయిస్తూ ఒక వ్యాసం రాశాను. అప్పటికి మామ మిల్లు పోగొట్టుకుని ఇంటికి వచ్చి ఉన్నాడు. మా ఊరి పఠనమందిరంలో ఆ వ్యాసం చదివితే, అంతా విని ఆయన అన్నమాట ఇది: "మంచిగనే రాసినవ్ అల్లుడా. గని నువ్వు రాసినోళ్ళల్ల ఒక్కని ఇంట్ల గూడ నువ్వు కూసోలే."

నాటి వ్యాసాన్ని వెనక్కు తీసుకోవడం కోసమే నేడు ఇది రాస్తున్నాను.

1

గిర్ని అనే మాట మన తెలంగాణలో పిండిమరకు చెల్లుతుంది. మరాఠీలో బట్టల మిల్లు కూడా గిర్నీయే. లాల్‌బాగ్, పరేల్, నాయ్‌గావ్, వర్లీ మొదలైన పేటలన్నీ కలిపి గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు. అక్కడి కార్మికుల్లో అత్యధికులు కొంకణంలోని రత్నగిరి జిల్లా నుంచీ, దక్కను పీఠభూమిలోని సతారా వైపు నుంచీ వచ్చినవారు. తెలుగువారూ లేకపోలేదు. తెలంగాణ నుంచి కూలికి పోయిన కామాఠీల పేరు మీదనే కామాఠిపురా ఏర్పడింది. తరవాత పద్మశాలీలు మగ్గాలు నడపడానికి పోయారు.

గిరణ్‌గావ్‌లో పనిచోటూ బతుకుచోటూ రెండు వేరు లోకాలు కావు. మిల్లు గేటుకూ చాల్ మెట్లకూ నడుమ నాలుగడుగుల వీధి. చాల్ అంటే వరస గదుల మేడ. ఒక్కొక్క గదిలో, వేరు వేరు షిఫ్టుల్లో పనిచేసే మగవాళ్ళు ఎందరో వంతులవారీగా పడుకునేవారు. పెళ్ళాం బిడ్డలు ఊళ్ళో ఉండేవారు. భోజనం పెట్టే ఖాణావళులను ఎక్కువగా స్త్రీలే నడిపేవారు. పనిలో పెట్టించేదీ, పని పీకించేదీ జాబరు. చాలాసార్లు గది చూపించేదీ, అప్పు ఇచ్చేదీ అతడే. అంటే ఆ కార్మికుడికి యాజమాన్యం మిల్లులో మాత్రమే ఎదురయ్యేది కాదు, వీధిలోనూ ఎదురయ్యేది.

1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దాదాపు లక్షన్నర మంది సాగించిన సమ్మెను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సమ్మెలోనే ఎర్రజెండా గిర్నీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది. డాంగే మొదలైన కమ్యూనిస్టు యువకులు ఉపన్యాసాలతోనే దాన్ని కట్టలేదు. మిల్లు మిల్లుకూ కమిటీలు వేశారు. ఆరునెలల సమ్మె నిలవాలంటే కిరాణా దుకాణం అప్పు ఇవ్వాలి, ఖాణావళి అన్నం పెట్టాలి, గది అద్దె ఆగాలి, ఊరి నుంచి బియ్యం రావాలి. ఈ బేరాలన్నీ మిల్లు గేటు దగ్గర కాదు, చాల్ వసారాల్లో కుదరాలి. ఆనాటి యూనియన్ జాబరు పెత్తనాన్ని పని దగ్గరా వీధిలోనూ కూడా ఢీకొంది గనకనే, సంవత్సరాంతానికి దాని సభ్యత్వం యాభై వేలు దాటింది.

అయితే పుట్టుకలోనే దానిలో ఒక పగులు కూడా ఉంది. దాన్ని దాచి చరిత్ర రాయకూడదు. మిల్లులో మంచి కూలి దొరికేది నేత ఖాతాలో. నాడెలో కండె మార్చినప్పుడల్లా దారపు కొసను నోటితో పీల్చి నాడె కన్నంలోంచి బయటికి లాగాలి. అస్పృశ్యుడు నోరు పెట్టిన నాడెను మేము నోట పెట్టమని సవర్ణ నేతగాళ్ళు పట్టుపట్టారు. ఆ కారణం చేత దళితులకు నేత ఖాతా తలుపులు మూసుకుపోయాయి; తక్కువ కూలి వచ్చే ఖాతాలే మిగిలాయి. ఈ అన్యాయం తొలగాలన్నది కూడా సమ్మె కోర్కెల్లో చేర్చవలసిందని అంబేద్కర్ 1928లో అడిగారు. సమ్మె నాయకత్వం ఉత్సాహం చూపలేదు. ఐక్యత దెబ్బతింటుందన్న భయం కావచ్చు. ఏ ఐక్యత అది? ఒకడి నోటిని అంటరానిదన్న ఐక్యత. మరుసటి సంవత్సరం సమ్మెను అంబేద్కర్ బలపరచలేదు.

1938లో కాంగ్రెస్ మంత్రివర్గం సమ్మె హక్కును కుదించే పారిశ్రామిక వివాదాల బిల్లును తెచ్చినప్పుడు, నవంబరు 7న అంబేద్కర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒకరోజు సమ్మె జరిపారు. కలవడం సాధ్యమేనని అది రుజువు చేసింది. కాని పదేళ్ళు ఆలస్యమయింది. కూలి మాత్రమే కార్మికుడి ప్రశ్న, తక్కిన అవమానాలు అతడి సొంత వ్యవహారం అనే పాఠం యూనియన్ తనకు తెలియకుండానే నేర్పింది. ఈ పాఠాన్ని తరవాత ఇతరులు మన మీదనే ప్రయోగించారు.

2

స్వాతంత్ర్యం వచ్చే ముందు బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం, 1946 వచ్చింది. అప్పటి రాష్ట్ర కార్మిక మంత్రి గుల్జారీలాల్ నందా దానికి సూత్రధారి. ఆ చట్టం ప్రకారం ఒక ప్రాంతంలోని ఒక పరిశ్రమకు ఒక్క ప్రతినిధి యూనియన్ ఉంటుంది. యాజమాన్యంతో బేరమాడే హక్కు దానిదే. బొంబాయి మిల్లుల్లో ఆ హోదా కాంగ్రెస్ అనుబంధమైన రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు దక్కింది. కార్మికులు ఎర్రజెండా కింద ఎంతమంది నిలబడినా, చట్టం దృష్టిలో వారి తరఫున సంతకం పెట్టేది ఆ సంఘమే. 1950లో సోషలిస్టులు నడిపిన మిల్ మజ్దూర్ సభ బోనసు కోసం 63 రోజుల సమ్మె చేసి ఓడిపోయింది. రోడ్డు మీద బలం ఒకరిది, బల్ల దగ్గర కుర్చీ మరొకరిది.

ఈ చట్టం కార్మికుల సమ్మెలకు చేసిన నష్టం అందరికీ తెలిసిందే. వారి అలవాట్లకు చేసిన నష్టం సంగతి మనం తక్కువ ఆలోచించాం. మామ చెప్పేవాడు: సెలవు మంజూరుకూ, సస్పెన్షన్ రద్దుకూ సంఘ్ మనిషి దగ్గరికి పోవాలి, బోనసు కోసం కొట్లాటకు ఎర్రజెండా దగ్గరికి పోవాలి, రెండు చోట్లా రసీదు తీసుకోవాలి. "ఒక చేతిల రెండు రసీదులు. దాంట్ల తప్పేముంది? బావి నీళ్ళు తాగనీకి, చెరువు నీళ్ళు పొలానికి" అనేవాడు.

ఈ పోలికలో ఒక తత్వముంది. చట్టమే కార్మికుణ్ణి ముక్కలు చేసింది. ఏ పనికి ఏ సంస్థ ఉపయోగపడుతుందో చూసుకుని, దాన్ని ఆ పనికే వాడుకోవడం అతడు ముప్పయ్యేళ్ళపాటు సాధన చేశాడు. తరవాత మూడో రసీదు ఇచ్చేవాడు వస్తే, అది కూడా పుచ్చుకున్నాడు. మనకు ద్రోహంగా కనిపించింది అతడికి పని విభజన.

3

మూడో రసీదు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం దాకా పోవాలి. ఇది తెలుగువాళ్ళమైన మనకు సులభంగా అర్థమవుతుంది. భాషారాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన జాతి మనది. విశాలాంధ్ర నినాదాన్ని మన కమ్యూనిస్టులే ముందు పట్టుకున్నారు. 1956లో బొంబాయి నగరాన్ని మరాఠీ రాష్ట్రానికి దక్కకుండా చేయబోయినప్పుడు గిరణ్‌గావ్ మండిపోయింది. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పులకు నూరుమందికి పైగా బలయ్యారు. వారిలో మిల్లు కార్మికులు ఎందరో ఉన్నారు. సమితి వేదిక మీద డాంగే, ఎస్.ఎం. జోషి, ఆచార్య అత్రే ఒకే వరసలో కూర్చున్నారు. అణ్ణాభావు సాఠే, అమర్ షేక్ లాంటి కార్మికవర్గ కళాకారులు చాల్ ముంగిళ్ళలో పాడారు. వర్గమూ, భాషా ఒక్కటై ప్రవహించిన కాలమది. 1957 ఎన్నికల్లో సమితి కాంగ్రెస్‌ను గట్టి దెబ్బ తీసింది. డాంగే లోక్‌సభకు వెళ్ళాడు.

1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. మే దినం నాడే రాష్ట్రం పుట్టడం మన వాళ్ళకు ఎంతో గర్వకారణమయింది. కాని ఆ మరునాటి నుంచి ఏం చేశారు? సమితి చీలిపోయింది. 1962 చైనా యుద్ధం కమ్యూనిస్టులను దేశద్రోహుల ముద్రతో ఇరుకున పెట్టింది. 1964లో పార్టీయే రెండయింది. భాషాభిమానమనే కుండను నిండుగా నింపి, వీధిలో పెట్టి, మన వాళ్ళు లోపలికి వెళ్ళి తగాదా పడ్డారు.

రాష్ట్రం వచ్చింది, ఉద్యోగం రాలేదు. మిల్లు కార్మికుడి కొడుకు మెట్రిక్ పాసయ్యాడు. తండ్రిలాగా బద్లీ పనివాడిగా ప్రతిరోజూ గేటు దగ్గర నిలబడి, ఎవరైనా రాకపోతే ఆ మగ్గం దొరుకుతుందేమోనని ఎదురుచూడడం వాడికి ఇష్టం లేదు. ఇష్టమున్నా, ఆ వరసలో కూడా ఖాళీ లేదు. ఆఫీసుల్లో గుమాస్తా పని కావాలి. అక్కడ ఇంగ్లీషూ టైపూ వచ్చిన దక్షిణాదివాళ్ళు కనిపించారు. మిల్లు యజమానులు గుజరాతీలూ, పార్సీలూ, మార్వాడీలూ. వాళ్ళు కొండమీద ఉన్నారు, కంటికి ఆనరు. పక్క కుర్చీలో టైపు కొట్టే మద్రాసీ ప్రతిరోజూ కంటబడతాడు.

ఆ కంటి కోపాన్ని కూడగట్టినవాడు వ్యంగ్యచిత్రకారుడు బాల్ ఠాక్రే. ఆయన తండ్రి ప్రబోధన్‌కార్ ఠాక్రే సంయుక్త మహారాష్ట్ర నాయకుల్లో ఒకడన్నది గమనించాలి. అంటే ఈ కొమ్మ పరాయి చెట్టుది కాదు, మనం నీరు పోసిన చెట్టుదే. 1960లో మొదలైన 'మార్మిక్' వారపత్రికలో, కంపెనీల పెద్ద ఉద్యోగాల్లో ఉన్న దక్షిణాదివారి పేర్ల జాబితాలు వారం వారం వేశారు. 1966 జూన్ 19న శివసేన పుట్టింది. ఉడిపి హోటళ్ళ మీద దాడులు జరిగాయి. మద్రాసీ అన్న మాటలో తెలుగువాడూ కలిసే ఉన్నాడు. ఏళ్ళ తరబడి పక్క మగ్గం మీద పనిచేస్తున్న మిత్రుడే మామను మొదటిసారి ఆ మాటతో పిలిచింది అప్పుడే.

శివసేన పోరాటం మద్రాసీలతో ఆగలేదు. దాని అసలు ఉపయోగాన్ని పాలకవర్గం త్వరగానే కనిపెట్టింది. 1967 డిసెంబరులో పరేల్‌లోని దళ్వీ భవనంలో ఉన్న గిర్నీ కామ్‌గార్ యూనియన్ కార్యాలయం మీద శివసైనికులు దాడిచేశారు. 1968లో యాజమాన్యాలతో సామరస్యాన్ని బోధించే సొంత యూనియన్, భారతీయ కామ్‌గార్ సేనను పెట్టారు. ముఖ్యమంత్రి వసంతరావ్ నాయక్ చూసీ చూడనట్లు ఉండడం వల్ల, గిట్టనివారు శివసేనను వసంతసేన అని వెక్కిరించేవారు. మృచ్ఛకటికం ఎరిగిన మనకు ఆ వెక్కిరింతలోని విషం వివరించనక్కర లేదు.

4

1970 జూన్ 5 రాత్రి లాల్‌బాగ్‌లో పరేల్ శాసనసభ్యుడు, కమ్యూనిస్టు నాయకుడు కృష్ణా దేశాయిని పొడిచి చంపారు. కేసు శివసేనకు చెందినవారి మీద నడిచింది. దేశాయి మిల్లు కార్మికుల మధ్య పెరిగినవాడు. వ్యాయామశాలల కుర్రకారు ఆయన వెంట ఉండేవారు. వీధిని అర్థం చేసుకున్న కొద్దిమంది ఎర్రజెండా నాయకుల్లో ఆయన ఒకడు. అందుకే ఆయన అడ్డు అయ్యాడు. ఆ అక్టోబరులో ఉపఎన్నిక జరిగింది. దేశాయి భార్య సరోజినీ దేశాయి నిలబడింది. ఆమె మీద శివసేన అభ్యర్థి వామన్‌రావ్ మహాడిక్ స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు. శివసేనకు అతడే మొట్టమొదటి శాసనసభ్యుడు.

హత్యకు గురైన కార్మిక నాయకుడి భార్యను కార్మికవాడ ఓడించింది. దీనికి జవాబు చెప్పకుండా ఏ సిద్ధాంతమూ ముందుకు పోలేదు.

భయం వల్ల అందామా? భయం ఉన్నమాట నిజం. కాని ఓటు రహస్యం. భయం మనిషిని ఇంట్లో కూర్చోబెడుతుంది గాని, గుర్తు మీద ముద్ర వేయించదు. మతమూ ప్రాంతమూ నూరిపోశారందామా? నూరిపోశారు. కాని నూరిన మందు తాగాలంటే రోగం ఉండాలి.

మామ పక్క మగ్గం మనిషి సంగతి చెబుతాను. రత్నగిరి వాడు, తండ్రి కూడా 1928 సమ్మెలో ఉన్నవాడే. తాను బోనసు పోరాటాలన్నిటిలో ఎర్రజెండా మోశాడు. కృష్ణా దేశాయి శవయాత్రలో నడిచాడు. అక్టోబరులో మహాడిక్‌కు ఓటు వేశాడు. ఆ సంగతి దాచలేదు కూడా. మధ్యాహ్నం డబ్బా విప్పుకున్నప్పుడు మామ అడిగాడట. అతడు చెప్పింది మామ మాటల్లోనే రాస్తాను: "నా పెద్దకొడుకు నాలుగేండ్లు తిరిగిండు. యూనియన్ ఆఫీసుకు పోతె, బద్లీ లిస్టుల పేరు రాసుకుంటమన్నరు. శాఖ పోరగాండ్లు ఓ కంపెనీల ప్యూన్ పని ఇప్పిచ్చిన్రు. దేశాయి మంచోడే, కాదన్న. గని నా కొడుకు నౌకరి వాళ్ళు తీస్తె, మీరు మళ్ళ ఇప్పియ్యగల్తరా?"

మామ దగ్గర జవాబు లేదు. నేను 1985లో వ్యాసం రాసినప్పుడు నా దగ్గరా లేదు; కాని ప్రశ్న తెలియకపోవడం వల్ల జవాబు ఉందనుకున్నాను.

ఇక్కడ శాఖ అనే మాట ముఖ్యం. పేట పేటకూ శివసేన శాఖ వెలిసింది. కొళాయి రాకపోయినా, రేషను కార్డు కావాలన్నా, ఆస్పత్రిలో మంచం దొరకకపోయినా, మొగుడు తాగి కొట్టినా అక్కడికి పోవచ్చు. సాయంత్రం తలుపు తెరిచి ఉంటుంది. 1928లో మిల్లు కమిటీలు వీధిలో చేసిన పనికి ఇది వికృతమైన నకలు. యూనియన్ ఆఫీసు మాత్రం నానాటికీ లేబరు కోర్టు కాగితాల గదిగా మారింది. కోర్టు కాగితాలు అవసరమే; కాని వాటి కోసం కార్మికుడి భార్య ఎన్నడూ ఆ మెట్లు ఎక్కదు, కొడుకు ఎక్కడు. ఓటర్ల జాబితాలో ఆ ఇంటి పేర్లు నాలుగు. యూనియన్ పుస్తకంలో ఒక్కటి.

ఇంతమాత్రం చేత శివసేన కార్మికుడికి మేలు చేసిందని ఎవరూ అనుకోరాదు. ఒక ఇంటికి ఇచ్చిన ప్యూన్ పని మరొక పేదవాణ్ణి తరిమి ఇచ్చినది. 1975లో ఎమర్జెన్సీని ఠాక్రే సమర్థించాడు. ఆ ఎమర్జెన్సీలోనే కనీస బోనసును 8.33 శాతం నుంచి 4 శాతానికి కోశారు. కొడుకు ఉద్యోగం కోసం తండ్రి ఓటిస్తే, తండ్రి బోనసు పోయింది. ఈ లెక్క అతడికి చూపించవలసింది ఎవరు? చూపించడానికి అతడి గుమ్మం దాకా వెళ్ళిందెవరు?

5

కార్మికుడికి ఓటు విలువ తెలియదనే వాదాన్ని పటాపంచలు చేసే సాక్ష్యం తరవాతి చరిత్రలోనే ఉంది. 1981లో బోనసు మీద అశాంతి రేగినప్పుడు శివసేన నవంబరులో ఒకరోజు సమ్మె జరిపి, తరవాత వెనక్కు తగ్గింది. కార్మికులు దత్తా సామంత్ ఇంటికి వెళ్ళారు. 1982 జనవరి 18న దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టారు. కూలి పెంపుతో పాటు బద్లీలను పర్మనెంటు చేయాలనీ, ప్రతినిధి యూనియన్‌ను నెత్తిన రుద్దే చట్టం పోవాలనీ అడిగారు. అంటే ముప్పయి అయిదేళ్ళుగా తమను ముక్కలు చేసిన కత్తినే పట్టుకున్నారు.

సమ్మె సంవత్సరం దాటినా తెగలేదు. దాన్ని విరమించామని ఎవరూ ప్రకటించనూ లేదు. లక్షమందికి పైగా మళ్ళీ మిల్లు గేటు తొక్కలేదు. ఓడిపోయిన ఆ సమ్మె తరవాత, 1984 డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. ఇందిరాగాంధీ హత్య సానుభూతి వెల్లువలో దేశమంతటా కాంగ్రెస్ గెలుస్తుంటే, బొంబాయి దక్షిణ మధ్య నియోజకవర్గం దత్తా సామంత్‌ను పార్లమెంటుకు పంపింది. ఓడిన నాయకుణ్ణి, ఆకలితో ఉన్న కార్మికులు గెలిపించారు. చైతన్యం లేనివారు చేసే పనేనా ఇది?

కొద్ది నెలలకే, 1985 కార్పొరేషన్ ఎన్నికల్లో నగరం శివసేన చేతికి పోయింది. నేను కోపంతో వ్యాసం రాసింది అప్పుడే. రెండు ఓట్లనూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే కోపం రాకపోను. పార్లమెంటుకు సమ్మె నాయకుడు, కొళాయికి శాఖ. మళ్ళీ అదే పని విభజన. 1989 నాటికి ఎన్నో మగ్గాలు నిలిచిపోయాయి, ఎందరో కార్మికులు ఊళ్ళకు చేరుకున్నారు, సామంత్ యూనియన్ పట్టు సడలింది. పార్లమెంటు స్థానాన్ని గెలిచింది ఎవరు? 1970లో సరోజినీ దేశాయిని ఓడించిన వామన్‌రావ్ మహాడికే. మిల్లు బలహీనపడినప్పుడు శాఖ ఒక్కటే మిగిలింది.

ఆ తరవాత కథ అందరికీ తెలుసు. 1997 జనవరి 16న సామంత్‌ను కాల్చి చంపారు. మిల్లుల స్థలాలు బంగారమయ్యాయి. దాదర్‌లోని కోహినూర్ మిల్లు స్థలం 2005లో 421 కోట్ల రూపాయలకు అమ్ముడయింది. కొన్నవారిలో శివసేన మాజీ ముఖ్యమంత్రి మనోహర్ జోషి కుమారుడి సంస్థ, రాజ్ ఠాక్రే భాగస్వామిగా ఉన్న సంస్థ ఉన్నాయి. మరాఠీ బిడ్డకు గుమాస్తా పని అన్న నినాదం ఎవరి మేడల దగ్గర తేలిందో చెప్పడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

6

ఇంతవరకు నేను బొంబాయి గురించి రాశాను. ఇక్కడ ఆపితే నిజాయితీ కాదు.

మామ సిరిసిల్లకు తిరిగి వచ్చి ఒక ఆసామి దగ్గర సాంచాలు నడిపాడు. నూలు ఇచ్చి బట్ట తీసుకునేది సేటు, సాంచాలు ఆసామివి, రెక్కలు మామవి. కూలి పెంచాలని యూనియన్ పిలిస్తే మామ తప్పకుండా పోయేవాడు. బొంబాయి చూసినవాడని ముందు వరసలో కూర్చోబెట్టేవారు. 1990లలో ఒక ఎన్నికల్లో, ఆ కూలి పోరాటం నడిపిన మనిషి పోటీ చేశాడు. మామ ఓటు అతడికి వేయలేదు; సేట్లు నిలబెట్టిన మనిషికి వేశాడు. నేను అడిగాను. మొదట మాట్లాడలేదు. తరవాత, "బిడ్డ పెండ్లికి అప్పు అడిగితె సేటు ఇచ్చిండు అల్లుడా. మీరు చందా రసీదు ఇచ్చిన్రు" అన్నాడు.

ఆయన వర్గద్రోహా? ఇరవై నెలలు ఆకలితో సమ్మెలో ఉండి, పెళ్ళాం పుస్తెలు తాకట్టు పెట్టి, జాబరుకు లొంగక ఊరు చేరిన మనిషి. పక్క మగ్గం రత్నగిరి వాడు ఆయనకు చెప్పిన మాటనే పాతికేళ్ళ తరవాత ఆయన నాకు చెప్పాడు. నేను ఆ మాట విని ఇంటికి వచ్చాను. ఆ రోజు ఏమీ రాయలేదు.

యూనియన్‌కు వ్యతిరేకి అయిన రాజకీయవేత్తకు యూనియన్ కార్మికుడు ఓటు వేయడం వెనుక ఎన్నో కారణాలుండవచ్చు. కులం ఉంది, మతం ఉంది, భయం ఉంది, పత్రికల అబద్ధం ఉంది. వేటినీ కాదనడం లేదు. కాని వాటన్నిటికీ చోటు దొరికింది ఎక్కడ? నాడె దగ్గర అవమానం మా విషయం కాదన్నప్పుడు కులానికి దొరికింది. కొడుకు నిరుద్యోగం మా విషయం కాదన్నప్పుడు శాఖకు దొరికింది. బిడ్డ పెళ్ళి మా విషయం కాదన్నప్పుడు సేటుకు దొరికింది. కార్మికుడు ఎనిమిది గంటలు మన మనిషి. తక్కిన పదహారు గంటలకు మనం ఎవరినీ పంపలేదు. ఓటు ఆ పదహారు గంటల్లోనే పడుతుంది.

ఈ రోజున మిల్లులు లేవు. యూనియన్ పుస్తకంలోకే ఎక్కని కాంట్రాక్టు కూలీలతో పట్టణాలు నిండి ఉన్నాయి. వారి కోసం పనిచేస్తున్న యువకులు నన్ను సభలకు పిలుస్తూ ఉంటారు. ఎన్నికల మర్నాడు వారిలో ఎవరైనా "సమ్మెకు వస్తారు, ఓటు వేయరు" అంటే, నేను ఒకటే అడుగుతున్నాను: ఆ ఓటరు ఇంట్లో చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? ఇంట్లో అందరి పేర్లూ తెలుసా? అప్పు ఎవరి దగ్గర ఉంది? ఈ మూడింటికీ జవాబు ఉన్నవాడు ద్రోహం అన్న మాట వాడగా నేను ఇంతవరకు వినలేదు.